సొంతంగా కూర్చుకునే కంప్యూటర్‌కు ఎస్.ఎం.పి.ఎస్. ఎంపిక



కంప్యూటర్‌ను విడిభాగాలుగా కొని ఇంట్లోనే కూర్చుకోవాలన్న ఉత్సాహం ఇవాళ చాలామంది పిల్లల్లో కనిపిస్తోంది. మీ ఇంట్లో కూడా ప్లస్ టూనో, డిగ్రీనో చదివే అబ్బాయో అమ్మాయో ఉంటే ఈ ముచ్చట మీ చెవిన పడే ఉంటుంది. ఆటలు ఆడడానికి పనికొచ్చే గట్టి కంప్యూటర్ కావాలి, కంపెనీ వాడు బిగించి అమ్మేదానికంటే మనమే కూర్చుకుంటే అదే డబ్బుకు ఇంకా మంచిది వస్తుంది అంటారు. ఆ మాటలో నిజముంది. ప్రాసెసర్ ఏది, గ్రాఫిక్స్ కార్డు ఏది, ర్యామ్ ఎంత అని వారాల తరబడి లెక్కలు కడతారు. చిట్టచివరకు జేబులో ఎంత మిగిలితే అంతకు వచ్చే ఎస్.ఎం.పి.ఎస్. తెచ్చి బిగిస్తారు. ఈనాటి నా ప్రసంగం చివరికి మిగిలిపోయే ఆ వస్తువు గురించే.

ఎస్.ఎం.పి.ఎస్. అంటే స్విచ్ మోడ్ పవర్ సప్లై. గోడ ప్లగ్గులోని కరెంటును కంప్యూటర్‌కు పనికొచ్చేలా మార్చి ఇచ్చే ఇనుప డబ్బా ఇది. ఆట వేగం దీనివల్ల ఒక్క పిసరు పెరగదు. అందుకే దీని మీద ఎవరికీ మోజు ఉండదు. కానీ కంప్యూటర్‌లోని ప్రతి భాగమూ దీని చేతి తిండే తినాలి. ఇది పాడైతే ఒక్కొక్కసారి తాను ఒక్కతే పోదు, మదర్‌బోర్డునో గ్రాఫిక్స్ కార్డునో వెంటబెట్టుకుని పోతుంది. మొత్తం ఖర్చులో పదో వంతు కూడా లేని వస్తువు మిగతా తొమ్మిది వంతులనూ ముంచగలదన్నమాట.

ముందుగా ఒక మాట చెబుతాను. తర్వాత చెప్పేదంతా ఆ మాటకు వివరణే. ఎస్.ఎం.పి.ఎస్.ను దాని మీద రాసిన వాట్లను చూసి కాదు, కరెంటు బాగాలేని రోజున అది ఎలా ప్రవర్తిస్తుందో చూసి ఎంచుకోవాలి. గోపాల్‌పూర్ లాంటి సముద్రతీరంలో, గంజాం జిల్లాలో, అటు ఇచ్ఛాపురం, సోంపేట, పలాస దాకా ఉన్న మనవాళ్ల ఊళ్లలో కరెంటు బాగాలేని రోజులు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇంతకీ ఈ డబ్బా లోపల జరిగేదేమిటి? మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల ఏ.సి. కరెంటు. అది సెకనుకు 50 సార్లు అలలా లేచి పడుతుంది. 230 అన్నది ఒక విధమైన సగటు మాత్రమే. అల శిఖరం దగ్గర అది సుమారు 325 వోల్టులు ఉంటుంది. ఎస్.ఎం.పి.ఎస్. మొదట ఈ ఏ.సి.ని డి.సి.గా మార్చి ఒక పెద్ద కెపాసిటర్‌లో నింపుతుంది. ఆ తర్వాత దాన్ని సెకనుకు కొన్ని పదుల వేల సార్లు వేసి ఆర్పుతూ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టులుగా దించుతుంది. ఇంత వేగంగా స్విచ్ చేస్తుంది కాబట్టే దానికి ఆ పేరు వచ్చింది, కాబట్టే పాతకాలపు బరువైన ట్రాన్స్‌ఫార్మర్ అవసరం లేకుండా పోయింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఒకవైపు మూడు వందల పైచిలుకు వోల్టులు, ఇంకోవైపు ఒకటి రెండు వోల్టుల తేడాకు కూడా చెడిపోగల చిప్పులు. రెంటి మధ్యా అడ్డుగోడ ఈ డబ్బా ఒక్కటే. ఇంకో సంగతి. ప్లగ్గు పీకిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో కొంతసేపు ప్రాణాపాయం కలిగించేంత విద్యుత్తు నిలవ ఉండవచ్చు. కాబట్టి కంప్యూటర్‌లో ఏ భాగాన్నైనా విప్పి చూసుకోండి గాని, ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రం ఎవరూ విప్పకూడదు. పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పండి.

ఇక ఎన్ని వాట్లది కొనాలి? దీనికి పెద్ద చదువు అక్కరలేదు, కూడిక చాలు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంటెల్ కోర్ ఐ5 12400 ప్రాసెసర్ మీద 65 వాట్లు అని ఉంటుంది. కానీ పూర్తి వేగంతో పరిగెత్తేటప్పుడు అది 117 వాట్ల దాకా తీసుకోవచ్చునని ఆ కంపెనీయే చెబుతుంది. ఎన్విడియా ఆర్.టి.ఎక్స్. 4060 గ్రాఫిక్స్ కార్డుకు 115 వాట్లు. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కు, ఫ్యాన్లు అన్నిటికీ కలిపి ఒక 60 వాట్లు వేసుకోండి. మొత్తం 292. దీనికి మరో సగం కలపండి, సుమారు 440 అవుతుంది. అంటే 450కి తగ్గకుండా, వీలైతే 500 లేక 550 వాట్లది తీసుకుంటే నిశ్చింతగా ఉండవచ్చు. అదే ఆర్.టి.ఎక్స్. 4070 లాంటి 200 వాట్ల కార్డు, 140 వాట్ల దాకా తాగే ప్రాసెసర్ అయితే మొత్తం 400, సగం కలిపితే 600. అప్పుడు 650 వాట్లది సరిపోతుంది.

ఆ పైన సగం ఎందుకు కలపాలంటే, గ్రాఫిక్స్ కార్డు నిదానంగా ఒకే తీరున కరెంటు తాగదు. ఆటలో ఒక్కసారిగా పేలుడు దృశ్యం వచ్చిందనుకోండి, రెప్పపాటులో వెయ్యో వంతు కాలం పాటు తన మామూలు వాడకానికి రెట్టింపు లాగవచ్చు. ఆ కుదుపుకు తట్టుకోలేని ఎస్.ఎం.పి.ఎస్. భయపడి ఆగిపోతుంది, కంప్యూటర్ ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఇలాంటి కుదుపులను లెక్కలోకి తీసుకునే ఇంటెల్ సంస్థ 2022లో ఏ.టి.ఎక్స్. 3.0 అనే ప్రమాణాన్ని విడుదల చేసింది. 2023లో దాన్ని సవరించి 3.1 అన్నారు. పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టుకునేవారు ఈ రెంటిలో ఒకటి పాటించే ఎస్.ఎం.పి.ఎస్. చూసుకోవడం మంచిది.

వాట్లు ఎక్కువైతే కరెంటు బిల్లు పెరుగుతుందేమోనని కొందరి భయం. అది నిజం కాదు. 650 వాట్లది పెట్టినంత మాత్రాన అది ఎప్పుడూ 650 వాట్లు లాగదు. లోపలి భాగాలు ఎంత అడిగితే అంతే ఇస్తుంది. పెద్ద బిందె కొన్నంత మాత్రాన ఇంట్లో దాహం పెరగదు కదా! అలాగని అవసరానికి మూడింతలు, నాలుగింతలు పెద్దది కొనడం కూడా డబ్బు దండగే.

అసలు చిక్కు డబ్బా మీద రాసిన అంకెతో వస్తుంది. బజారులో క్యాబినెట్‌తో పాటు ఉచితంగా ఇచ్చే డబ్బాల మీద కూడా 450 వాట్లు అని కొట్టొచ్చినట్టు రాసి ఉంటుంది. ఆ అంకెను అక్కడే వదిలేసి, పక్కన చిన్న అక్షరాల పట్టిక ఉంటుంది చూడండి, అది చదవండి. అందులో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. దాన్ని 12తో హెచ్చవేయండి. ఉదాహరణకు అక్కడ 16 ఆంపియర్లు అని ఉందనుకోండి, 12 పదహార్లు 192 వాట్లు. ఈనాటి కంప్యూటర్లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా 12 వోల్టుల మీదే బతుకుతాయి. కాబట్టి ఆ డబ్బా మన లెక్కకు 192 వాట్లదే. మిగిలిన వాట్లన్నీ మనకు అంతగా పనికిరాని 5, 3.3 వోల్టుల గడుల్లో చూపించిన అంకెలు. మంచి 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. అయితే 12 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లకు అటూ ఇటూగా ఉంటుంది. 12 నలభై అయిదులు 540. ఈ ఒక్క హెచ్చవేత నేర్చుకుంటే దుకాణంలో మిమ్మల్ని మోసం చేయడం కష్టం. అసలు ఆ పట్టికే లేని డబ్బా అయితే మారు మాట్లాడకుండా కింద పెట్టేయండి. పట్టిక పక్కనే మన బి.ఐ.ఎస్. గుర్తు ఉందో లేదో కూడా చూడండి.

తర్వాత కనిపించేది 80 ప్లస్ అన్న ముద్ర. ఇది 2004లో మొదలైన ధ్రువీకరణ. వైట్, బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం, టైటానియం అని మెట్లు ఉన్నాయి. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత భాగం కంప్యూటర్‌కు చేరుతుంది, ఎంత భాగం వేడిగా వృథా అవుతుంది అన్నదే ఈ ముద్ర చెప్పే సంగతి. 115 వోల్టుల పరీక్షలో సగం బరువు మీద బ్రాంజ్‌కు నూటికి 85, గోల్డ్‌కు నూటికి 90 దక్కాలి. మన 230 వోల్టుల దగ్గర ఈ అంకెలు కాస్త మెరుగ్గానే ఉంటాయి.

మరి గోల్డ్‌కు ఎక్కువ డబ్బు పెట్టడం గిట్టుబాటా? లెక్క వేద్దాం. లోపలి భాగాలు 300 వాట్లు అడుగుతున్నాయనుకుందాం. 85 శాతం దానితో గోడ నుంచి 353 వాట్లు లాగుతుంది. 90 శాతం దానితో 333. తేడా 20 వాట్లు. రోజుకు నాలుగు గంటలు ఆడితే ఏడాదికి సుమారు 29 యూనిట్లు. మీ బిల్లులో యూనిట్ ధర ఎంతో చూసుకుని హెచ్చవేసుకోండి. కేవలం కరెంటు ఆదా కోసమైతే ఆ తేడా తీరడానికి చాలా ఏళ్లు పడుతుంది. కానీ వృథా తగ్గితే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే ఆయుష్షు పెరుగుతుంది. ఈ ధ్రువీకరణ పరీక్షను సుమారు 23 డిగ్రీల చల్లని గదిలో చేస్తారు. మన ఇళ్లలో మే నెలలో అంత చల్లని గది ఎక్కడిది? ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు ఒక మోటు సూత్రం ఉంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. అందుకే 85 డిగ్రీల కెపాసిటర్లు వాడినదాని కంటే 105 డిగ్రీలవి వాడిన ఎస్.ఎం.పి.ఎస్. మన వాతావరణానికి నయం. మంచి కంపెనీలు ఈ సంగతి పెట్టె మీదనే రాస్తాయి.

ఒక హెచ్చరిక. 80 ప్లస్ ముద్ర పొదుపుకు సాక్ష్యం గాని రక్షణకు సాక్ష్యం కాదు. రక్షణ వేరే చూసుకోవాలి. పెట్టె మీద ఓ.వి.పి., యు.వి.పి., ఓ.సి.పి., ఓ.పి.పి., ఎస్.సి.పి., ఓ.టి.పి. అని పొడి అక్షరాలు కనిపిస్తాయి. వోల్టేజి మించితే, తగ్గితే, కరెంటు మించితే, మొత్తం వాట్లు మించితే, షార్ట్ సర్క్యూట్ అయితే, వేడెక్కితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాట్లు అవి. చివరి ఓ.టి.పి. మీ ఫోనుకు వచ్చేది కాదు లెండి, వేడి నుంచి కాపాడేది. ఈ ఆరూ ఉన్న ఎస్.ఎం.పి.ఎస్. చెడిపోయినా పద్ధతిగా చెడిపోతుంది. తాను ఆగిపోయి మిగతావాటిని కాపాడుతుంది. చవక డబ్బాలో ముందుగా కోత పడేది వీటికే.

ఇప్పుడు మన ప్రాంతం సంగతికి వద్దాం.

మొదటిది వోల్టేజి. సాయంత్రం వేళ ఊరి చివరి ఇళ్లలో దీపాలు ఎర్రగా మినుకుమనడం మనం ఎరుగుదుము. ఎస్.ఎం.పి.ఎస్. లేబుల్ మీద ఇన్‌పుట్ అన్న చోట 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే, వోల్టేజి 170కి పడిపోయినా అది పని చేస్తూనే ఉంటుంది. దానికి వేరే స్టెబిలైజర్ అవసరం సాధారణంగా రాదు. 200 నుంచి 240 అని మాత్రమే ఉంటే ఆ సాయంత్రాల్లో తంటా తప్పదు. కొన్ని పాత, చవక డబ్బాల వెనుక 115, 230 అని ఎర్ర మీట ఉంటుంది. అది పొరపాటున 115 మీద ఉండగా మన ప్లగ్గులో పెడితే ఆ క్షణమే పేలిపోతుంది. అలాంటి మీట ఉన్నది కొనకపోవడమే మేలు.

రెండోది కరెంటు పోవడం. కరెంటు పోయిన క్షణానికీ, ఇన్వర్టరో యు.పి.ఎస్.సో అందుకునే క్షణానికీ మధ్య చిన్న ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఎస్.ఎం.పి.ఎస్. తన పెద్ద కెపాసిటర్‌లో దాచుకున్నదానితోనే నెట్టుకురావాలి. దీన్ని హోల్డప్ టైమ్ అంటారు. ఏ.టి.ఎక్స్. ప్రమాణం ప్రకారం నూటికి ఎనభై పాళ్ల బరువు మీద అది 17 మిల్లీ సెకన్లు ఉండాలి. అంటే మన కరెంటు అల ఒక్కసారి లేచి పడే కాలం కంటే కాస్త తక్కువ. మంచి యు.పి.ఎస్. పది మిల్లీ సెకన్ల లోపు అందుకుంటుంది, కాబట్టి కంప్యూటర్‌కు తెలియనే తెలియదు. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవారు దాని వెనుక ఉన్న మీటను యు.పి.ఎస్. మోడ్‌లో పెట్టుకోవాలి. మామూలు మోడ్‌లో అది అందుకునేసరికి ఆలస్యమై కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. చదరపు అలల ఇన్వర్టర్ కాకుండా సైన్‌వేవ్ ఇన్వర్టర్ అయితే ఈ తరహా ఎస్.ఎం.పి.ఎస్.లకు మంచిది. ఇంకొక సంగతి, 600 వీ.ఏ. అని రాసిన చిన్న యు.పి.ఎస్.లలో చాలావాటి అసలు శక్తి 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు జోరు మీద ఉండగా కరెంటు పోతే అది చేతులెత్తేయవచ్చు. యు.పి.ఎస్. ఉన్నది ఆట ముగించడానికి కాదు, అయిదు నిమిషాల్లో పని దాచుకుని కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపడానికి.

మూడోది ఎర్తింగ్. కంప్యూటర్ క్యాబినెట్‌ను వట్టి కాళ్లతో నిలబడి తాకితే జివ్వుమంటోందని చాలామంది చెబుతారు. అది ఎస్.ఎం.పి.ఎస్. లోపం కావలసిన పని లేదు. కరెంటులోని మలినాలను వడగట్టడానికి దాని లోపల రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజుకూ డబ్బా ఇనుముకూ మధ్య, మరొకటి న్యూట్రల్‌కూ ఇనుముకూ మధ్య. ఎర్త్ తీగె సరిగ్గా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. మనం తాకినప్పుడు ఆ కొద్ది కరెంటు మన గుండా పోతుంది. దానంతట అది చంపేటంత కాదు. కానీ ఆ ఇంట్లో ఎర్తింగ్ పని చేయడం లేదని అది కొడుతున్న గంట. రేపు లోపల నిజంగానే ఫేజు తీగె ఇనుమును తాకితే కాపాడేది ఏదీ లేదని అర్థం. రెండు పుల్లల ప్లగ్గు, ఎర్త్ లేని ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటరుతో చూడమనండి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజి దాదాపు సమానంగా రావాలి. ఇసుక నేలలో నీరు నిలవదు కనుక ఎర్త్ గొయ్యి త్వరగా ఎండిపోతుంది. బొగ్గు, ఉప్పు వేసి సరిగ్గా కట్టించిన గొయ్యి అయినా వేసవిలో అప్పుడప్పుడు బిందెడు నీళ్లు కోరుకుంటుంది. ఎంత ఖరీదైన ఎస్.ఎం.పి.ఎస్. అయినా ఈ గొయ్యికి బదులు కాలేదు.

నాలుగోది ఉప్పుగాలి. గోపాల్‌పూర్ తీరాన ఇనుప కిటికీ చువ్వలు ఎన్నేళ్లు నిలుస్తాయో అక్కడి మనవాళ్లకు బాగా తెలుసు. ఇళ్లలో తెలుగు మాట్లాడే నోలియా పల్లెకారులను అడిగితే పడవ మీద ఏ ఇనుప ముక్క ఎంతకాలం ఉంటుందో వేళ్ల మీద లెక్క చెబుతారు. ఎస్.ఎం.పి.ఎస్. ఫ్యాను అదే గాలిని రోజంతా లోపలికి పీలుస్తుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఆ తేమను పీల్చుకుని నీరవుతుంది. వానాకాలంలో మీ వంటింటి ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది ఇందుకే. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం లవణాలు ఇంకా ముందే చెమ్మగిల్లుతాయి. దుమ్ముతో కలిసిన ఆ చెమ్మ సర్క్యూట్ బోర్డు మీద పల్చని పొరలా పరుచుకుని, కరెంటు పోకూడని చోట దారి ఇస్తుంది.

దీనికి మందు ఖరీదైనది కాదు. కంప్యూటర్‌ను సముద్రం వైపు కిటికీకి ఎదురుగా పెట్టకండి. కింద వల ఫిల్టర్ ఉన్న క్యాబినెట్ తీసుకుని, ఆ ఫిల్టర్‌ను పదిహేను రోజులకొకసారి కడిగి ఆరబెట్టండి. వాడనప్పుడు, చల్లారిన తర్వాత, గుడ్డ కప్పండి. వానాకాలంలో వారాల తరబడి ఆపి ఉంచవద్దు. రోజూ కాసేపు నడిస్తే లోపలి వెచ్చదనానికి చెమ్మ ఆరుతుంది. మూలన చాలాకాలం పడి ఉన్నదాన్ని తీసి వెంటనే ప్లగ్గులో పెట్టకుండా, దుమ్ము దులిపి, పొడిగా ఉన్న గదిలో ఒకటి రెండు రోజులు ఉంచి అప్పుడు వేయండి.

అయిదోది, అన్నిటికంటే పెద్దది, తుఫాను. 1999 అక్టోబరు 17న గంజాం తీరాన్ని తాకిన తుఫాను పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్లు మించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని దెబ్బతీశాయి. స్తంభాలు నేలకూలి కరెంటు రోజుల తరబడి, కొన్నిచోట్ల వారాల తరబడి రాలేదు. అయితే కంప్యూటర్‌కు ఎక్కువ గండం కరెంటు పోయినప్పుడు కాదు, తిరిగి వచ్చినప్పుడు.

ఎందుకంటారా? మన వీధి లైనులో మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ ఉంటాయి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, ఫేజుకూ ఫేజుకూ మధ్య సుమారు 400. ఎక్కడైనా న్యూట్రల్ తీగె తెగి ఉండగా కరెంటు వదిలితే, వేర్వేరు ఫేజుల మీద ఉన్న ఇళ్లు ఒకదానితో ఒకటి ముడిపడి, కొన్ని ఇళ్లకు 230కి బదులు 300, 350, చివరకు 400 వోల్టుల దాకా రావచ్చు. 400 వోల్టుల ఏ.సి. అంటే శిఖరం దగ్గర 565. ఎస్.ఎం.పి.ఎస్. లోపలి పెద్ద కెపాసిటర్ సాధారణంగా 400, 450 వోల్టులకే తయారైనది. అది పగిలి తీరుతుంది. ఎంత మంచి కంపెనీదైనా ఇందుకు మినహాయింపు లేదు. చవకదానికీ మంచిదానికీ తేడా ఒక్కటే. మంచిది ఫ్యూజు కాల్చుకుని తాను బలవుతుంది, చవకది మిగతావాటిని కూడా బలి ఇవ్వవచ్చు.

కాబట్టి తుఫాను హెచ్చరిక రాగానే ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గే పీకాలి. ఇంటర్నెట్ తీగె కూడా తీయండి. కాలవైశాఖి ఉరుములకూ ఇదే నియమం. క్యాబినెట్‌ను నేల మీంచి తీసి ఎత్తైన చోట పెట్టండి. కరెంటు తిరిగి వచ్చాక ముందు ఒక దీపం వేసి చూడండి. మరీ తెల్లగా మండుతున్నా, ఒక గదిలో వెలుగు పెరిగి ఇంకో గదిలో తగ్గుతున్నా మెయిన్ ఆపేసి కరెంటు ఆఫీసుకు కబురు చేయండి. దక్షిణ ఒడిశాలో ఈ పంపిణీ 2021 జనవరి 1 నుంచి టి.పి.ఎస్.ఓ.డి.ఎల్. చేతిలో ఉంది. అన్నీ కుదుటపడ్డాయని తేలాక, ఒక పూట ఆగి, అప్పుడు కంప్యూటర్ వేయండి. ఒకవేళ లోపలికి ఉప్పునీరు పోయి ఉంటే ఆ ఎస్.ఎం.పి.ఎస్. మీద ఆశ వదులుకోండి. ఎండబెట్టి వేసి చూద్దామనుకోవద్దు. నీరు ఆరుతుంది గాని ఉప్పు పోదు.

ఇక కొనేటప్పుడు గుర్తుంచుకోవలసిన రెండు మూడు చిన్న విషయాలు చెబుతాను. పాతది, ఎవరో వాడి వదిలేసినది గ్రాఫిక్స్ కార్డు కొంటే కొనండి గాని ఎస్.ఎం.పి.ఎస్. కొనకండి. దాని ఆయుష్షు ఎంత మిగిలిందో పైకి కనిపించదు. వారంటీ ఎన్నేళ్లో చూడండి. తన సరుకు మీద నమ్మకం ఉన్న కంపెనీ అయిదేళ్లు, ఏడేళ్లు, కొన్ని పదేళ్లు కూడా ఇస్తాయి. ఏడాది మాత్రమే ఇచ్చేవాడు తనకు ఎంత నమ్మకముందో తానే చెబుతున్నాడు. బరంపురంలో కొన్నా, విశాఖపట్నం నుంచి తెప్పించుకున్నా, ఇంటర్నెట్‌లో ఆర్డరు చేసినా వారంటీ సర్వీసు ఏ ఊళ్లో జరుగుతుందో ముందే అడిగి, బిల్లు భద్రపరచండి.

విడదీసి పెట్టుకునే తీగెలున్న మాడ్యులర్ రకం కొంటే, ఒక కంపెనీ తీగెను ఇంకో కంపెనీ డబ్బాకు ఎన్నడూ తగిలించకండి. మూతి ఒకేలా ఉన్నా లోపలి వరస వేరుగా ఉంటుంది. వేసిన మరుక్షణం డిస్కు కాలిపోతుంది. ఎనిమిది పిన్నుల గ్రాఫిక్స్ తీగె 150 వాట్లకు ఉద్దేశించినది. హార్డు డిస్కుకు ఇచ్చే సాటా తీగె 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లే. దానికి అడాప్టర్ తగిలించి గ్రాఫిక్స్ కార్డుకు ఇస్తే తీగె కరిగి నిప్పు పుట్టవచ్చు. కొత్త పెద్ద కార్డులకు వచ్చే పదహారు పిన్నుల తీగెను చివరి దాకా నొక్కి పెట్టాలి. 2022లో ఆర్.టి.ఎక్స్. 4090 కార్డుల దగ్గర ఈ మూతులు కరిగిన సంఘటనలు ప్రపంచమంతా చర్చకు వచ్చాయి. సరిగ్గా లోపలికి దిగకపోవడం అందుకు ఒక ముఖ్య కారణమని తేలింది.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు గ్రాఫిక్స్ కార్డుకు ఇంకో వెయ్యి కావాలని అడిగితే, ఆ వెయ్యి ముందు ఎస్.ఎం.పి.ఎస్. మీద పెట్టమనండి. చిన్న కార్డును రెండేళ్ల తర్వాత మార్చుకోవచ్చు. మంచి ఎస్.ఎం.పి.ఎస్. అప్పటికీ ఉంటుంది, ఆ తర్వాతి కంప్యూటర్‌కూ పనికొస్తుంది. పిల్లలకు కూడా ఒక మాట. లేబుల్ చదివి, 12తో హెచ్చవేసి, ఎర్తింగ్ చూపించి, తుఫాను రోజున గుర్తుపెట్టుకుని ప్లగ్గు పీకిన వాడే కంప్యూటర్ కూర్చడం వచ్చినవాడు. స్క్రూలు బిగించడం ఎవరికైనా వస్తుంది.